"నాకొద్దు" అనే స్వేచ్ఛ లేనిచోట సువార్త ఉంటుందా? బహుమత సమాజంలో క్రైస్తవ మిషన్‌పై చర్చ

సాక్షి ప్రకాశ్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు.

"మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి" (మత్తయి 28:19). ఈ మాట లేని క్రైస్తవ్యాన్ని నేను ఊహించుకోలేను. అయితే ఆ రోజు కొండ మీద ఈ మాట విన్నది పదకొండుమంది. వాళ్ల వెనక రాజ్యం లేదు, సైన్యం లేదు, బడులు లేవు, ఆస్పత్రులు లేవు, నిధులు లేవు. వాళ్లలో కొందరు ఇంకా సందేహిస్తూనే ఉన్నారని అంతకు రెండు వచనాల ముందే మత్తయి రాశాడు. తర్వాతి శతాబ్దాల్లో అదే మాటను చక్రవర్తుల అండతో చెప్పినవాళ్లున్నారు. సైనికులు దిగిన ఓడలోంచే దిగి చెప్పినవాళ్లున్నారు. మాట మారలేదు, చెప్పేవాడి చేతిలో ఉన్నది మారింది.

ఇప్పుడు ఒకే ఆఫీసులో, ఒకే ఆస్పత్రి వార్డులో, ఒకే అపార్ట్‌మెంట్‌లో రకరకాల నమ్మకాలవాళ్లు, ఏ నమ్మకమూ లేనివాళ్లు కలిసి బతుకుతున్నారు. ఇలాంటి చోట మిషన్ అంటే ఏమిటి? ప్రకటనా? సేవా? సంభాషణా? పక్కన మంచిగా బతికితే చాలా?

నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. ఎదుటి మనిషి భయం లేకుండా, నష్టం లేకుండా "నాకొద్దు" అనగలిగినచోటే మిషన్‌కు అర్థం ఉంటుంది. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోతుంటే యేసు వాళ్ల వెంటపడలేదు. పన్నెండుమందివైపు తిరిగి "మీరు కూడ వెళ్లిపోవలెనని యున్నారా?" అని అడిగాడు. మార్కు పదో అధ్యాయంలోని ఆస్తిపరుడు దుఃఖపడుతూ వెళ్లిపోయాడు. యేసు అతన్ని ప్రేమించాడని రాసి ఉంది. వెనక్కి లాగాడని ఎక్కడా లేదు.

మీరంతా ఏమంటారు? క్రైస్తవులు కానివాళ్లు కూడా తప్పకుండా రాయండి. మాలో మేమే మాట్లాడుకుంటే ఈ విషయం తేలదు.

---

పాస్టర్ యోహాను

ప్రకాశ్ బ్రదర్, స్వేచ్ఛ విషయంలో మీతో నాకు పేచీ లేదు. బలవంతంగా నీళ్లలో ముంచితే మనిషి తడుస్తాడు, మారడు.

నా భయం ఇంకోటి. "బహుమత సమాజం" అన్న మాట వినపడగానే మనవాళ్లలో కొందరు నోరు మూసేసుకుంటున్నారు. సేవ చేస్తాం, మంచిగా ఉంటాం, యేసు పేరు మాత్రం ఎత్తం అంటారు. అపొస్తలులు సభ ముందు నిలబడి "మేము కన్నవాటిని విన్నవాటిని చెప్పక యుండలేము" అన్నారు. "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" అని పౌలు అడిగాడు. ప్రాణం పోసిన కబురు తెలిసీ పక్కవాడికి చెప్పకపోతే దాన్ని మర్యాద అనలేను నేను.

అనేక మతాలున్న సమాజం అంటే ఎవరూ మాట్లాడకూడని సమాజమని కాదు. అందరూ మాట్లాడగలిగే సమాజం. మిగతావాళ్లు తమ నమ్మకాన్ని ధైర్యంగా చెప్పుకుంటుంటే క్రైస్తవుడొక్కడే ఎందుకు తలదించుకోవాలి?

---

సమన్వయ

పాస్టర్ గారూ, మీ మాటల్లో నిజాయితీ ఉంది, కాదనను. కానీ అసలు చిక్కు అక్కడే కదండీ. అన్ని దారులూ చేరేది ఒక్కచోటికే అయితే ఎవరి దారిలో వాళ్లను నడవనివ్వడమే గౌరవం. మీ దారే దారి అన్నప్పుడు మిగతావాళ్ల తల్లిదండ్రులు, గురువులు, వాళ్ల ప్రార్థనలు అన్నీ తప్పని చెప్పినట్టే. అంధగజ న్యాయం తెలియనిదెవరికి? ఒకరు తొండం పట్టుకున్నారు, ఒకరు కాలు పట్టుకున్నారు. ఏనుగు ఒక్కటే.

---

సాక్షి ప్రకాశ్

సమన్వయ గారూ, ఈ కథ మీద లెస్లీ న్యూబిగిన్ అనే బిషప్ ఒక ప్రశ్న వేశాడు. నాకు అది చాలా న్యాయంగా తోస్తుంది. ఆ కథ చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడు? గుడ్డివాళ్లంతా తలో ముక్క తడుముతున్నారని తెలియాలంటే ఏనుగును పూర్తిగా చూసినవాడు ఒకడుండాలి. "అన్ని మతాలూ ఒకే సత్యంలో తలో భాగం" అనేవాళ్లు తమకు తెలియకుండానే ఆ చూపున్న స్థానంలో కూర్చుంటున్నారు. అంటే అదీ పూర్ణ సత్యాన్ని చూశామన్న ప్రకటనే, మాది ఎలాంటిదో అదీ అలాంటిదే.

న్యూబిగిన్ జీవితం కూడా ఈ చర్చకు అవసరం. 1936లో ఇంగ్లండ్ నుంచి మిషనరీగా ఇండియాకు వచ్చి, 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ. చర్చి) ఏర్పడినప్పుడు దాని మొదటి బిషప్పుల్లో ఒకడయ్యాడు. 1974లో స్వదేశం తిరిగి వెళ్లాక బర్మింగ్‌హామ్‌లో ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్నాడు. ఇండియాలో చేసిన పరిచర్య కన్నా అక్కడిదే కష్టంగా ఉందన్నాడు. ఎదిరించేవాళ్లను ఎదుర్కోవచ్చు, కానీ సువార్త అంటే తీసిపారేసే ఆ చల్లని నిర్లక్ష్యాన్ని తట్టుకోవడం కష్టమని రాశాడు. ఒకప్పుడు మిషనరీలను పంపిన దేశమే మిషన్ క్షేత్రమైపోయిందని ఆయన గుర్తించాడు.

లెక్కలూ అదే చెబుతాయి. 1910లో ప్రపంచ క్రైస్తవుల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా యూరప్, ఉత్తర అమెరికా వంటి ధనిక దేశాల్లో ఉండేవాళ్లు. 2010 నాటికి పదిమందిలో ఆరుగురు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లో ఉన్నారు. "పంపే దేశాలు, పుచ్చుకునే దేశాలు" అన్న పాత పటం ఇక చెల్లదు. నైజీరియా సంఘాల కాపరులు లండన్‌లో సువార్త చెబుతున్నారు.

---

కల్యాణి

నేను క్రైస్తవురాలిని కాదు. పాస్టర్ గారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా నాన్న చనిపోయిన నెలలో నాతో పనిచేసే ఒకావిడ చాలా ఆదుకుంది. కాగితాల పనులకు తోడొచ్చింది, నా పక్కన కూర్చుంది. రెండు వారాలయ్యాక ఒక కరపత్రం చేతిలో పెట్టి, "మీ నాన్నగారు ఇప్పుడెక్కడున్నారో ఎప్పుడైనా ఆలోచించావా?" అంది. నేను ఆ కాగితం తిరిగిచ్చేసి, ఈ విషయం నాతో మాట్లాడొద్దన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ ఫోన్ చేయడం మానేసింది. లిఫ్ట్‌లో ఎదురుపడితే పలకరించి తల తిప్పుకుంటుంది.

అదే ఆఫీసులో ఇంకొకాయన నా రాత్రి డ్యూటీలు తను చేసిపెట్టాడు. ఆయనా క్రైస్తవుడేనని నాకు చాలాకాలం తెలియదు. ఒకసారి నేనే అడిగాను, ఇంత ఓపిక ఎక్కడినుంచి వస్తుందని. అప్పుడు చెప్పాడు. నేను విన్నాను. ఏకీభవించలేదు. ఇప్పటికీ ఆయన నాకు ఆప్తుడు.

నా కోపం మొదటావిడ మతం మీద కాదు. నా ఏడుపు ఆవిడకు అవకాశంలా కనిపించింది. అందుకే నా తరఫున ఒక్కటే ప్రశ్న. నేను వద్దన్న మర్నాడు మీరు నాతో ఎలా ఉంటారు? నాకు మీ మిషన్ అర్థం తెలిసేది అప్పుడే.

---

పాస్టర్ యోహాను

కల్యాణమ్మా, మీ నాన్నగారి విషయం చదివి మనసు కలుక్కుమంది. ఆ సమయంలో ఆ మాట అనకూడదు. తమ్ముడు లాజరు చనిపోయి మరియ ఏడుస్తుంటే యేసు ప్రసంగం చేయలేదు, తానూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. మీ ప్రశ్న ఈ ఆదివారం మా సంఘంలో అడుగుతాను.

---

న్యాయదీప్తి

చట్టం వైపు నుంచి రెండు కేసులు చెబుతాను. రెండూ గ్రీస్‌వే, రెండూ యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం తీర్పులే. పక్కపక్కన పెట్టి చదివితే ప్రకాశ్ గారు అడుగుతున్నదానికి దగ్గరి జవాబు దొరుకుతుంది.

మొదటిది కొక్కినాకిస్ కేసు. మినోస్ కొక్కినాకిస్ "యెహోవా సాక్షులు" అనే శాఖకు చెందినవాడు. 1936లో ఆ విశ్వాసంలోకి వెళ్లాడు. గ్రీస్‌లో మతప్రచారాన్ని నేరంగా చూసే చట్టం ఉండేది. ఆ చట్టం కింద ఆయన్ని అరవైసార్లకు పైగా అరెస్టు చేశారు. 1986 మార్చిలో ఆయనా, భార్యా క్రీట్ దీవిలో ఒకరింటి తలుపు తట్టారు. ఆ ఇంటావిడ భర్త స్థానిక ఆర్థడాక్స్ చర్చిలో గాయకుడు. ఆవిడ వీళ్లను లోపలికి రానిచ్చి మాట్లాడింది, భర్త పోలీసులకు కబురు పెట్టాడు. కింది కోర్టులు శిక్ష వేశాయి. 1993లో యూరప్ న్యాయస్థానం ఆ శిక్ష మతస్వేచ్ఛను ఉల్లంఘించిందని తేల్చింది. తన మతం గురించి పొరుగువారికి చెప్పి ఒప్పించే ప్రయత్నం మతస్వేచ్ఛలో భాగమేనంది.

అక్కడే ఒక గీత కూడా గీసింది. క్రైస్తవ సాక్ష్యం వేరు, అనుచిత మతప్రచారం వేరు అంది. డబ్బో హోదాయో ఆశ చూపి సభ్యులను రాబట్టడం, కష్టంలోనో అవసరంలోనో ఉన్నవాళ్ల మీద ఒత్తిడి తేవడం రెండో కోవకు వస్తాయి. ఈ తేడా చెప్పడానికి న్యాయస్థానం ప్రపంచ సంఘాల మండలి (అనేక చర్చిల ఉమ్మడి వేదిక) ఆధ్వర్యంలో 1956లో తయారైన నివేదికనే ప్రస్తావించింది. అంటే గీత ఎక్కడుందో సంఘాలు తమంతట తామే అంతకుముందే రాసుకున్నాయి.

రెండోది 1998 నాటి లారిస్సిస్ కేసు. గ్రీస్ వైమానిక దళంలో ముగ్గురు పెంతెకొస్తు అధికారులు. తమ కింద పనిచేసే సైనికులకూ, బయటి పౌరులకూ సువార్త చెప్పారు. పౌరుల విషయంలో వాళ్లను శిక్షించడం తప్పని న్యాయస్థానం చెప్పింది. సైనికుల విషయంలో మాత్రం శిక్షను సమర్థించింది. ఎందుకంటే, బయట మామూలుగా కనిపించే సంభాషణే సైన్యంలో పైఅధికారి నోట వస్తే కిందివాడు కాదనలేడు, మధ్యలో లేచి వెళ్లిపోలేడు. అది వేధింపు కావచ్చు.

అవే మనుషులు, అదే సువార్త. వినేవాడికి లేచి వెళ్లే దారి ఉందా లేదా అన్నదాని మీద తీర్పు తిరిగింది. బాస్, డాక్టర్, టీచర్, సహాయం పంచే స్వచ్ఛంద కార్యకర్త... వీళ్లందరికీ ఈ తీర్పు వర్తింపజేసి చూడండి.

---

హేతువు

తీర్పులు బాగున్నాయి. చరిత్ర సంగతేమిటి? కెనడాలో మూలవాసుల పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. ప్రభుత్వం డబ్బిచ్చింది, చర్చిలు నడిపాయి. దాదాపు లక్షన్నర మంది పిల్లలు ఆ బడుల్లోంచి వచ్చినవాళ్లే. తమ భాష మాట్లాడితే కొట్టారు, చాలామంది ఇంటికి తిరిగి రానేలేదు. దాన్ని నడిపినవాళ్లు దాన్నీ "మిషన్" అనే పిలిచారు. మీరిప్పుడు స్వేచ్ఛ గురించి చెబుతుంటే ఎందుకు నమ్మాలి?

నేను మీ మీద దాడి చేయడం లేదు ప్రకాశ్ గారూ. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

---

సాక్షి ప్రకాశ్

అడగాల్సిన ప్రశ్నే. దీన్ని దాటవేసి మిషన్ గురించి మాట్లాడే హక్కు మాకు లేదు.

1986లో కెనడా యునైటెడ్ చర్చి తమ సర్వసభ్య సమావేశంలో మూలవాసులకు క్షమాపణ చెప్పింది. సువార్తను అంగీకరించాలంటే మా నాగరికతనూ అంగీకరించాలని మీ మీద రుద్దాం, మిమ్మల్ని మాలా మార్చబోయి మిమ్మల్ని మీరుగా నిలబెట్టిన చూపును దెబ్బతీశాం అని ఒప్పుకుంది. ఆ క్షమాపణను మూలవాసుల పెద్దలు విన్నారు, అందుకున్నారు, కానీ "అంగీకరించాం" అనలేదు. ఆ సందర్భానికి గుర్తుగా సడ్‌బరీలో రాళ్లు పేర్చి ఒక గుట్ట కట్టారు. దాన్ని కావాలనే అసంపూర్తిగా వదిలేశారు. ముందు మీ నడవడి చూపించండి, తర్వాత చూద్దాం అన్న వైఖరి అది. 2022 జూలైలో పోప్ ఫ్రాన్సిస్ కూడా కెనడా వెళ్లి అక్కడి మస్క్వాచీస్‌లో క్షమాపణ చెప్పాడు. 2023 మార్చిలో వాటికన్, మూలవాసుల భూములను ఆక్రమించడానికి సాకుగా వాడిన "ఆవిష్కరణ సిద్ధాంతాన్ని" తోసిపుచ్చింది.

మీరు నమ్మాలని నేను అడగను హేతువు గారూ. ఆ పెద్దలు చేసినట్టే చేయండి. కనిపెట్టి చూడండి.

ఒక్క మాట మాత్రం. ఆ దౌర్జన్యాన్ని లోపలినుంచే ఎదిరించినవాళ్లూ ఉన్నారు. స్పెయిన్ సామ్రాజ్యం అమెరికా ఖండాల్లో మూలవాసులను బానిసలుగా చేస్తుంటే బార్తొలొమే దె లాస్ కాసాస్ అనే బిషప్ 1550లో స్పెయిన్‌లోని వయ్యదోలిద్ నగరంలో పండితుల ముందు నిలబడి వాదించాడు. వాళ్లకు సువార్త చేరాల్సింది ఒప్పించడం ద్వారానే, కత్తి ద్వారా కాదన్నాడు. అంటే స్వేచ్ఛ మాట మేం నిన్నమొన్న నేర్చుకున్నది కాదు. తెలిసి కూడా తొక్కేశాం. అది ఇంకా బరువైన విషయం.

---

లూర్దు మేరి

నేను కతోలిక సంఘం నుంచి రాస్తున్నాను. మా సంఘంలో ఈ విషయం మీద పెద్ద మలుపు 1965లో వచ్చింది. రెండో వాటికన్ మహాసభ ఆ ఒక్క ఏడాదిలోనే ఇతర మతాల్లో ఉన్న సత్యమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ సంఘం తోసిపుచ్చదని ఒక పత్రంలో, మతం విషయంలో ఎవరినీ బలవంతపెట్టకూడదని ఇంకో పత్రంలో, సంఘం స్వభావమే మిషన్ అని మూడో పత్రంలో చెప్పింది. మూడూ కలిపి చదవాలి. ఒకదాన్ని పట్టుకుని మిగతా రెండు వదిలేస్తేనే తగాదా.

పాస్టర్ గారి ప్రశ్నకు నా మనసులో వచ్చే జవాబు అల్జీరియాలోని తిభిరిన్ మఠం. చుట్టూ అంతా ముస్లింలు. కొద్దిమంది ట్రాపిస్ట్ (ఒక కతోలిక సన్యాస సమాజం) సన్యాసులు. వాళ్లలో బ్రదర్ లూక్ డాక్టరు. 1946 నుంచి ఆ మఠంలో ఒక చిన్న వైద్యశాల నడిపాడు. ఎవరొచ్చినా ఉచితంగా చూసేవాడు. ఊరివాళ్లతో కలిసి తోట పనిచేసేవాళ్లు. ముస్లిం సూఫీలతో కలిసి ప్రార్థన గురించి మాట్లాడుకునేవాళ్లు. ఎవర్నీ మతం మార్చే పని పెట్టుకోలేదు.

1990ల అంతర్యుద్ధంలో విదేశీయులంతా వెళ్లిపోవాలన్న బెదిరింపులొచ్చాయి. సన్యాసులు కూర్చుని, ఒక్కొక్కరి అభిప్రాయం అడిగి, ఉండిపోదామని నిర్ణయించుకున్నారు. 1996 మార్చిలో ఏడుగురిని ఎత్తుకుపోయారు. మే నెలలో వాళ్లు చనిపోయారన్న ప్రకటన వచ్చింది. అప్పటికి లూక్‌కు ఎనభై దాటాయి. మఠాధిపతి క్రిస్టియన్ దె షెర్జే ముందుగానే ఒక వీలునామా రాసిపెట్టాడు. తన చావును చూపించి అల్జీరియా ప్రజలనో ఇస్లాంనో మొత్తంగా నిందించవద్దని వేడుకున్నాడు. తనను చంపబోయే మనిషిని "చివరి నిమిషపు స్నేహితుడా" అని పిలిచి, దేవుడి దగ్గర మళ్లీ కలుద్దామన్నాడు.

యేసు ఎవరో ఆ ఊరికి తెలియదని ఎవరైనా అనగలరా?

---

పాస్టర్ యోహాను

సిస్టర్, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. వాళ్ల త్యాగం ముందు నేను చిన్నవాడిని. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. అందరూ తిభిరిన్ సన్యాసుల్లా ఉంటే కొత్తగా ఎవరు వింటారు? రోమా శతాధిపతి కొర్నేలీ దగ్గరికి పేతురు వెళ్లి ఊరికే కూర్చోలేదు, నోరు తెరిచాడు.

---

ఫరీద్

అస్సలాము అలైకుం. ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను.

పాస్టర్ గారూ, ఆశ్చర్యపోతారేమో, ఇక్కడ నేను మీ పక్షమే. మా విశ్వాసంలో దావా ఉంది, అంటే ఇస్లాం వైపు ఆహ్వానించడం. మేమూ పిలుస్తాం. మీరు మాట్లాడకూడదని అనే నోరు నాకు లేదు. మీకు లేని హక్కు నాకు మాత్రం ఎక్కడిది?

1976లో స్విట్జర్లాండ్‌లోని షాంబేసీలో క్రైస్తవులూ ముస్లింలూ కలిసి సరిగ్గా ఈ విషయం మీదే కూర్చున్నారు, మిషన్, దావా ఒకేచోట పెట్టుకుని. అక్కడికి వచ్చినవాళ్లు మెతకవాళ్లు కారు. ఇస్మాయిల్ ఫారూఖీ, ఖుర్షీద్ అహ్మద్, కెన్నెత్ క్రాగ్ వంటి గట్టి మనుషులు. ఒప్పించే హక్కు, ఒప్పుకునే హక్కు రెండూ ఉన్నాయని ఒప్పుకున్నారు. అదే సమయంలో ముస్లింలు ఒక ఫిర్యాదు ముందుపెట్టారు. వైద్యం, చదువు, సహాయం వంటివాటిని మతమార్పిడికి సాధనాలుగా వాడారని. క్రైస్తవ ప్రతినిధులు అలాంటి దుర్వినియోగాన్ని గట్టిగా తప్పుపట్టారు.

"ఒప్పుకునే హక్కు" మా వైపు కూడా పరీక్షే. మా మతం వదిలి వెళ్లాలనుకునే మనిషికి కొన్ని దేశాల్లో ప్రాణభయం ఉంది. 1948 మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణం మతం మార్చుకునే స్వేచ్ఛను స్పష్టంగా చెప్పింది. లోపలికి వచ్చే తలుపును మాత్రమే సమర్థించి, బయటికి వెళ్లే తలుపుకు తాళం వేస్తే అది న్యాయం కాదు. ఈ మాట నా వాళ్లతోనూ అంటుంటాను, చివాట్లు తింటుంటాను.

---

రూతు

నేను నర్సును, ప్రాణాంతక వ్యాధుల వార్డులో పనిచేస్తాను. న్యాయదీప్తి గారు డాక్టర్, టీచర్ అని రాశారు కదా, ఆ జాబితాలో నన్నూ చేర్చుకోండి. మంచం మీద ఉన్న మనిషికి నా అవసరం ఉంది. మార్ఫిన్ నా చేతిలో ఉంటుంది, నీళ్లు నేనే పట్టాలి. అలాంటప్పుడు "మీకోసం ప్రార్థన చేయనా?" అని నేను అడిగితే ఆయన వద్దంటాడా? అనడానికి ఎంత ధైర్యం కావాలి!

ఒక పెద్దాయన, వేరే మతం. చివరి రోజుల్లో నిద్రపట్టేది కాదు. మీకేం కావాలి అని అడిగితే, తన పవిత్ర గ్రంథంలో ఒక భాగం ఎవరైనా చదివితే బాగుండునన్నారు. కొడుకు దూరదేశంలో ఉన్నాడు. కొడుక్కి ఫోన్ కలిపి, ఆయన చదువుతుంటే ఫోన్ తండ్రి చెవి దగ్గర పట్టుకున్నాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన ముఖంలో బిగువు సడలడం మాత్రం చూశాను. అది నా సాక్ష్యానికి ద్రోహమని మా సంఘంలో ఒకరన్నారు. నేను అలా అనుకోవడం లేదు. యేసు నన్ను ఆ గదిలోకి పంపింది ఆ ఫోన్ పట్టుకోవడానికే అని నమ్ముతున్నాను.

ఎవరైనా తమంతట తాము "నువ్వు దేన్ని నమ్ముతావు?" అని అడిగితే చెబుతాను, దాచను. పేతురు పత్రికలో ఉన్నదీ అదే కదా, "హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము" చెప్పమని.

---

సాక్షి ప్రకాశ్

రూతు గారు రాసింది చదివాక పాస్టర్ గారి ప్రశ్నకు నా జవాబు ఇలా ఉంది. నోరు తెరవాలి. కానీ నోరు తెరిచే హక్కు మన హోదా నుంచి రాకూడదు, స్నేహం నుంచి రావాలి.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు పన్నెండు వందల మంది ప్రతినిధులు. ఆసియావాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ తరంలోనే లోకమంతటికీ సువార్త అన్న ఊపు మీద ఉన్న సభ అది. అక్కడ ఇండియా నుంచి వెళ్లిన వి.ఎస్. అజరయ్య లేచి మిషనరీల ముఖం మీదే చెప్పాడు. మీరు బీదల కోసం ఆస్తులిచ్చారు, శరీరాలను కాల్చబడటానికి అప్పగించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. సభలో చాలామందికి మింగుడుపడలేదు. నాలుగేళ్లకే ఆ మిషనరీలను పంపిన క్రైస్తవ దేశాలు మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో ఒకరినొకరు చంపుకున్నాయి.

ఆ దెబ్బ తర్వాతే వేదాంతులు వేరేగా ఆలోచించడం మొదలుపెట్టారు. 1952లో జర్మనీలోని విల్లింగెన్ సభ నుంచి బలపడిన ఆలోచన ఏమిటంటే, మిషన్ సంఘానిది కాదు, దేవుడిది. తండ్రి కుమారుణ్ణి పంపాడు, ఆత్మను పంపాడు, ఆ పంపకంలో సంఘానికి ఒక పాలు ఉంది. ఇది పండితుల మాటలా వినిపిస్తుంది గానీ దీని ఫలితం చాలా మామూలు జీవితంలోది. మనిషిని మార్చే బాధ్యత నా మీద లేదు. అందుకని నేను కల్యాణి గారి కన్నీళ్లను వాడుకోనక్కరలేదు, సంఖ్య చూపించనక్కరలేదు, ఆమె కాదంటే ముఖం తిప్పుకోనక్కరలేదు. కల్యాణి గారికి ఫోన్ చేయడం మానేసిన ఆవిడ బహుశా ఈ బాధ్యత తన భుజాల మీదే ఉందనుకుని ఉంటుంది.

2011లో ప్రపంచ సంఘాల మండలి, వాటికన్ మతాంతర సంభాషణ మండలి, ప్రపంచ ఎవాంజెలికల్ కూటమి ఐదేళ్లు కూర్చుని ఒక ఉమ్మడి పత్రం ఇచ్చాయి. ఎప్పుడూ ఒక మాట మీద నిలవని మూడు వర్గాలు అవి. మిషన్ సంఘం ఉనికిలోనే ఉందని మొదటి వాక్యంలోనే చెప్పాయి. పేదరికాన్నీ అవసరాన్నీ వాడుకోవడానికి సువార్తలో చోటు లేదన్నాయి. మోసంతో, బలవంతంతో చేసే మిషన్ సువార్తకే ద్రోహమన్నాయి. మతం మారాలనుకునేవాళ్లకు ఆలోచించుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలన్నాయి. నాకు చాలా నచ్చింది ఈ చివరిదే. తొందరపెట్టేవాడు దేవుడి మీద నమ్మకంతో తొందరపెట్టడు.

---

కల్యాణి

ప్రకాశ్ గారూ, ఆ చివరి మాట నాకు కొత్త. తొందరపెట్టడం మీ మతంలో భాగమనే అనుకునేదాన్ని.

ఇంకొకటి అడగొచ్చా? సహాయం పంచుతూ, పుచ్చుకునేవాళ్ల ముఖాలు వీడియో తీసి, "చూడండి ప్రభువు ఏం చేశాడో" అని పెడుతున్నారు. ఆ మనిషి ఏమంటాడు? కెమెరా ముందు వద్దనగలడా?

---

న్యాయదీప్తి

కల్యాణి గారూ, సహాయ సంస్థల మధ్య దీనికి ఒక పద్ధతి ఉంది. 1994లో రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక ప్రవర్తనా నియమావళి తయారుచేశాయి. చాలా క్రైస్తవ సంస్థలూ దాన్ని ఒప్పుకున్నాయి. సహాయాన్ని ఏ రాజకీయ, మత పక్షాన్ని ముందుకు నెట్టడానికీ వాడకూడదని అందులో ఉంది. విపత్తు బాధితులను నిస్సహాయ వస్తువుల్లా కాకుండా ఆత్మగౌరవం ఉన్న మనుషులుగా చూపించాలనీ ఉంది. మీరు చెప్పిన వీడియోలు ఈ రెంటికీ విరుద్ధం.

దీనికన్నా కష్టమైన సంగతి ఒకటి ఎవరూ ఎత్తలేదు. పిల్లలు. ఇక్కడ అందరూ "వద్దనగలిగే స్వేచ్ఛ" అంటున్నారు. ఎనిమిదేళ్ల పిల్లవాడు బహుమతి పట్టుకుని నిలబడిన పెద్దవాళ్లకు వద్దని ఎలా చెబుతాడు? హేతువు గారు చెప్పిన బడుల్లో జరిగింది కూడా పిల్లలకే. తమ నమ్మకం ప్రకారం పిల్లలకు మత బోధన చేయించే స్వేచ్ఛ తల్లిదండ్రులదని పౌర, రాజకీయ హక్కుల మీద 1966 అంతర్జాతీయ ఒడంబడిక 18వ అధికరణం అంటుంది. పిల్లవాడికి తనదైన మతస్వేచ్ఛ ఉందని, ఎదిగేకొద్దీ దానికి తగ్గట్టు పెద్దలు దారి చూపాలని 1989 బాలల హక్కుల ఒడంబడిక అంటుంది.

పాస్టర్ గారూ, సెలవుల్లో మీరు పిల్లలకు బైబిలు తరగతులు పెడతారు కదా. వేరే మతం ఇళ్ల పిల్లలు వస్తే ఏం చేస్తారు?

---

పాస్టర్ యోహాను

సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. తల్లిదండ్రులకు తెలియకుండా ఏ పిల్లనీ కూర్చోబెట్టం. ఏం నేర్పుతామో ముందే కాగితం మీద రాసి ఇస్తాం, పాటలు, కథలు, ప్రార్థన అన్నీ. సంతకం ఉంటేనే. ఈ పద్ధతి వల్ల కొందరు పిల్లలు రావడం మానేశారు, మా పెద్దలు కొందరు నన్ను తప్పుపట్టారు కూడా. అయినా నాకు ఇదే సబబు. నా బిడ్డను నాకు తెలియకుండా వేరొకరు తమ మతంలో కూర్చోబెడితే నేను ఊరుకుంటానా?

అయితే బహుమతుల విషయం ఇంతవరకు ఇలా ఆలోచించలేదు. వచనం అప్పజెబితే బహుమతి ఇవ్వడం మాకు అలవాటు. మా సంఘం పిల్లలకు పరవాలేదనిపిస్తుంది. బయటి పిల్లలకు అది ఎరే అవుతుంది.

---

హేతువు

మీ సంఘం పిల్లలకు మాత్రం ఎందుకు పరవాలేదు? వాళ్లకూ "వద్దు" అనే హక్కు రావాలిగా ఏదో ఒక వయసులో.

---

పాస్టర్ యోహాను

రావాలి. మా పెద్దబ్బాయి చదువుకోవడానికి వెళ్లినప్పటినుంచి చర్చికి రావడం లేదు. నమ్మకం పోయిందని నాతో నేరుగా చెప్పాడు. వాళ్లమ్మ చాలా ఏడ్చింది. వాడి కోసం రోజూ ప్రార్థిస్తాను, అది వాడికి తెలుసు. వాడి ఫీజు ఆపలేదు, ఫోన్ ఆపలేదు, సెలవులకు వచ్చినప్పుడు ఆదివారం పొద్దున వాణ్ణి లేపను.

కల్యాణమ్మ ప్రశ్నకు మా ఇంట్లో నేను ఇస్తున్న జవాబు ఇది. బయటివాళ్లతో కూడా అలాగే ఉండాలి కదా అని రెండు రోజులుగా అనుకుంటున్నాను. ఒక్క విషయంలో మాత్రం ప్రకాశ్ బ్రదర్‌తో ఇంకా ఏకీభవించలేను. మార్చే బాధ్యత నాది కాదు, ఒప్పుకుంటాను. చెప్పే బాధ్యత మాత్రం నాదే. వాడు అడిగినా అడగకపోయినా నేను నమ్మేది ఏమిటో వాడికి అనుమానం ఉండకూడదు.

---

సాక్షి ప్రకాశ్

అనుమానం ఉండకూడదు, నిజమే పాస్టర్ గారూ. మన తేడా "అడిగినా అడగకపోయినా" అన్నచోట ఉంది. కొడుకు విషయంలో తండ్రికి ఉన్న చనువు వేరు. రూతు గారి వార్డులో మంచం మీద ఉన్న మనిషి విషయంలో ఆ చనువు ఎవరికీ లేదు. ఎక్కడ అడిగేదాకా ఆగాలి, ఎక్కడ ఆగనక్కరలేదు అన్నది రేపు విడిగా రాస్తాను. దానికి ముందు, ఆస్పత్రుల్లో, జైళ్లలో చాప్లెయిన్లుగా (అక్కడివాళ్లకు ఆత్మీయంగా తోడుండే మతసేవకులుగా) పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే మీ అనుభవం ఇక్కడ రాయండి. ఈ గీత మీద రోజూ నడిచేది మీరే.